తత్సమాన వస్తువు

మా జిల్లా గురిక్రీడల వికాస సంస్థలో నాలుగేళ్లపాటు ఒక్క ప్రమాదం కూడా జరగలేదు. ఆ సంగతి గుమ్మం పక్కనున్న నల్లబల్ల మీద రోజూ పొద్దున్నే సుద్దముక్కతో రాసే బాధ్యత నాది. ఆ నాలుగేళ్లలో అక్కడ ఒక్క గుండు కూడా పేలలేదన్న సంగతి రాయడానికి మాత్రం బల్ల మీద చోటు లేదు.

నా పేరు లింగమూర్తి. సీనియర్ అసిస్టెంటుని. సంస్థలో నాతోపాటు మరో ఇద్దరున్నారు. ఒకరు డైరెక్టరు పురాణం చిదంబరరావుగారు. అంతకుముందు తూనికలు, కొలతల శాఖలో ఇరవై ఆరేళ్లు చేసి వచ్చారు. రెండోవారు కోచ్ గొర్లె దాలినాయుడు. శ్రీకాకుళం మనిషి, సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. నేర్పడానికి ఎవరూ లేక, ఆవరణలో వంగమొక్కలు పెంచుతున్నాడు.

పది మీటర్ల రేంజి ఉంది. గాలితో పేలే పోటీ పిస్టళ్లు నాలుగు అద్దాల బీరువాలో ఉన్నాయి. లేనిది షూటరు. అందుకు కారణం మా నియమావళిలోని ఏడో నియమం. అందులో (బి) ఇలా ఉంటుంది: "నవ షూటరు తన చేతికి అనుకూలమగు పిస్టలును తానే స్వేచ్ఛగా ఎంపిక చేసుకొని, కారణములతో సహా దరఖాస్తులో పేర్కొనవలెను." (సి) ఇలా ఉంటుంది: "పిస్టలు మంజూరు కానంతవరకు ఏ నవ షూటరును ఏ పిస్టలును తాకరాదు." మొదటిది క్రీడాకారుల స్వేచ్ఛ కోసం పెట్టింది. రెండోది వాళ్ల క్షేమం కోసం పెట్టింది. రెండింటి కిందా సంతకం ఒక్కరిదే.

ఆ సెప్టెంబరులో యర్రంశెట్టి హైమావతి వచ్చింది. పెద్దాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియను. రక్తం తీయడమే ఆమె పని. నరం దొరకని ముసలివాళ్లను కూడా ఆమె ఒక్కసారే పొడుస్తుందని ఊళ్లో పేరు. అమ్మవారి తీర్థంలో బెలూన్ల కొట్టు దగ్గర ఇరవైకి ఇరవై పేల్చేసిందట. ఇరవై ఒకటోసారి కొట్టువాడు తుపాకీ దాచేసి, "అక్కా, నా పొట్ట కొట్టకు" అని దణ్ణం పెట్టాడట.

"పిస్టల్ షూటింగు నేర్చుకుందామనొచ్చానండీ," అంది.

డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచారు. ఆ మాట వినడానికి ఆయన నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్నారు. చెయ్యి చాపి బీరువా చూపించారు.

"ఎంపిక చేసుకొనవలెను."

"ఓసారి చేత్తో పట్టుకుని చూస్తానండీ."

"పట్టుకొనరాదు."

"మరెలా ఎంచుకోవాలండీ?"

"స్వేచ్ఛగా."

హైమావతి అద్దం దగ్గరకెళ్లి చాలాసేపు చూసింది. తర్వాత దరఖాస్తులో "ఎడమ నుంచి మూడోది" అని రాసింది. కారణం అన్న చోట "నల్లగా ఉంది" అని రాసింది. నిజానికి నాలుగూ నల్లగానే ఉన్నాయి. మర్నాడు దరఖాస్తు తిరిగొచ్చింది. "అనుకూలత నిరూపితము కాలేదు. తిరిగి సమర్పించుకొనునది."

ఆమె తిరిగి సమర్పించుకుంది. ఏడుసార్లు. ప్రతి శనివారం డ్యూటీ దిగి, స్కూటరు మీద తొమ్మిది కిలోమీటర్లు వచ్చి, నా బల్ల ముందు నిలబడి కాగితం ఇచ్చేది. ఏడోసారి నాకే మనసొప్పక అడిగాను. "ఎందుకమ్మా ఇంత పట్టుదల? ఊళ్లో షటిలుంది, క్యారమ్సుంది."

ఆమె కొంచెం సిగ్గుపడింది. "పొద్దున్నుంచీ జనం చేతులు పట్టుకుని నరాలు వెతుకుతానండీ. సూది దిగే ముందు ఒక్క క్షణం ఉంటుంది. ఒళ్లంతా నిశ్శబ్దమైపోతుంది. నాకా క్షణమంటే ఇష్టమండీ. కానీ దిగగానే అవతల మనిషి 'అమ్మా' అంటాడు కదా, ప్రాణం ఉసూరుమంటుంది. తీర్థంలో బెలూన్లు కాలుస్తుంటే ఆ నిశ్శబ్దమే వచ్చిందండీ. ఎవరికీ నొప్పెట్టలేదు."

ఆ మాటకు నా దగ్గర ఫారం లేదు.

ఇంకో చిక్కుంది. డిసెంబరులో గుంటూరులో రాష్ట్ర పోటీలు. వాటిలో కొత్తవాళ్ల విభాగం ముప్పై అయిదు నిండనివాళ్లకే. హైమావతికి జనవరిలో నిండుతాయి. ఈ ఏడాది దాటితే పదేళ్లుగా కాలుస్తున్నవాళ్ల మధ్య నిలబడాల్సిందే.

దాలినాయుడు వంగమొక్కలు వదిలేసి వచ్చి డైరెక్టరుగారి గదిలో నిలబడ్డాడు.

"సార్, సెప్పులు కొంతారు గదా. కంపినీ పేరు సూసి కొంతారా, కాలెట్టి సూసి కొంతారా? పిస్తోలూ అంతే సార్. పిడి అరిసేతిలో కూకోవాల. బరువెక్కువైతే సెయ్యి దిగిపోద్ది, తక్కువైతే ఊగులాడిపోద్ది. కళ్లు మూసుకోని ఎత్తాల. ఎత్తీసినాక కళ్లు తియ్యాల. కొసనున్న ముక్క ఎనకున్న గాడిలోకి సరిగ్గా వచ్చి కూకుంటే అది నీది. పక్కకి పోయిందా, ఇంకోడిది. అంతేగానీ అద్దంలో సూసి ఎలా సెప్తాదీ పిల్ల?"

డైరెక్టరుగారు కళ్లు మూసుకున్నారు. తూనికల శాఖలో ఉన్నప్పటి అలవాటు అది. ఆయన కళ్లు మూసుకుంటే ఒక ఉత్తర్వు పుడుతుంది.

"తాకవలసినది అనుకూలత నిమిత్తము. తాకరానిది పిస్టలు. కావున పిస్టలు కాని, పిస్టలుతో తత్సమానమగు వస్తువును తాకిన యెడల ఉభయ నియమములును నెరవేరును. లింగమూర్తీ, సంఘమును నియమించునది."

అలా తత్సమాన వస్తు నిర్ధారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షులు డైరెక్టరుగారు, కార్యదర్శిని నేను, సభ్యుడు దాలినాయుడు. పిస్టలు పుస్తకంలో బరువు తొమ్మిదివందల డెబ్బై గ్రాములని ఉంది. ఆ బరువున్న వస్తువులు తెప్పించాం.

ఇస్త్రీపెట్టె బాగానే కుదిరింది, పిడి కూడా ఉంది. కానీ కరెంటు వస్తువు కాబట్టి విద్యుత్ శాఖ నిరభ్యంతర పత్రం కావాలన్నారు. పచ్చడిబండ తెచ్చాం. "దీనితో తల పగులగొట్టవచ్చును గదా! కావున ఇదియును ఆయుధమే," అని తోసిపుచ్చారు. ఇత్తడి చెంబులో నీళ్లు పోసి సరిగ్గా తూచాం. దాలినాయుడు ఎత్తి చూపిస్తుండగా నీళ్లు ఫైలు మీద పడ్డాయి. ఫైలు తడిసింది కాబట్టి దాన్ని ప్రమాదం కింద లెక్కించాలా వద్దా అని సంఘం ఒక పూటంతా చర్చించి, నీళ్లు నియమావళిలో లేవు కాబట్టి లెక్కించనక్కరలేదని తేల్చింది.

మూడో సమావేశం మధ్యలో తలుపు ధడాలున తెరుచుకుంది. హైమావతి అత్తగారు సూరాయమ్మ. డెబ్బై ఏళ్లుంటాయి. పెరట్లో పాదులు పెట్టుకుని, కాసిన కాయలు బజారుకి తెస్తుంది. బజారు నుంచే నేరుగా వచ్చినట్టుంది, చేతిలో ఆనపకాయ మెడ పట్టుకుని ఉంది. ఆ కాయను డైరెక్టరుగారి ముఖానికి సూటిగా పెట్టింది.

"ఏవండోయ్ బాబూ! మా కోడల్ని ఎన్నాళ్లు తిప్పుతారండీ? ఆసుపత్రి నుంచొచ్చి అన్నమైనా తినకుండా మీ చుట్టూ తిరుగుతుంది. ఇస్తే ఇవ్వండి, లేదంటే లేదని చెప్పండి! అంతేగానీ ఈ కాగితాల గోలేంటండీ?"

డైరెక్టరుగారు రెండు చేతులూ పైకెత్తారు.

సూరాయమ్మ కూడా ఆశ్చర్యపోయి కాయ దించింది. డైరెక్టరుగారు మెల్లగా తన ఎత్తిన చేతులను చూసుకున్నారు. ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చింది.

"తూచవలెను," అన్నారు.

తొమ్మిదివందల డెబ్బై రెండు గ్రాములు. సమావేశపు మినిట్స్‌లో నేను రాసిన వాక్యం ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. "సదరు వస్తువును గురిపెట్టినంతనే అధ్యక్షులవారు అప్రయత్నముగా చేతులెత్తిరి. కావున తత్సమానత నిరూపితమైనది."

ఆ మర్నాటి నుంచి హైమావతి ఆనపకాయతో సాధన మొదలుపెట్టింది. ఆమె నవ్వుతుందేమో, కోప్పడుతుందేమో అని నేను భయపడ్డాను. ఆమె కాయను ఇటూ అటూ తిప్పి చూసి, "నరం దొరకనప్పుడు దొరికిన చోటే చూసుకోవాలండీ," అంది. దాలినాయుడు కూడా నవ్వలేదు. సైన్యంలో మొదటి మూడు నెలలు తమ చేత ఇటుక పట్టించారని చెప్పాడు. పాదాలు ఎక్కడ పెట్టాలో, భుజం ఎక్కడ వదలాలో, ఊపిరి ఎక్కడ ఆపాలో అన్నీ నేర్పాడు. రోజుకి అరవైసార్లు కళ్లు మూసుకుని కాయ ఎత్తడం, కళ్లు తెరవడం, ఎనిమిది సెకన్లు నిలపడం, దించడం. మొదటివారం ఆమె భుజం వాచింది. మూడోవారానికి కాయ తొడిమ మీద ఈగ వాలినా ఎగిరిపోకుండా కూచునేది.

ఆనపకాయకు ఒక దుర్గుణముంది, ఎండుతుంది. నాలుగు రోజులకి వంద గ్రాములు తగ్గుతుంది. అందుకని ప్రతి సోమవారం సూరాయమ్మ కొత్త కాయలు తెచ్చేది. నేను తూచి, తొడిమకి లక్కముద్ర వేసి, వరసనంబరు ఇచ్చేవాణ్ని. కాలం చెల్లిన కాయల్ని నియమం ప్రకారం "నిర్వీర్యం" చెయ్యాలి. దాలినాయుడు వాటిని సెనగపప్పు వేసి నిర్వీర్యం చేసేవాడు. చాలా బాగా చేసేవాడు.

ఇంతలో ఈ కబురు ఊళ్లోకి పాకింది. పిస్టల్ షూటింగుకి పిస్టల్ అక్కర్లేదన్న సంగతి జనానికి ఎంతో నచ్చింది. వారం తిరిగేసరికి పదిమంది, నెల తిరిగేసరికి నలభైమంది చేరారు. రిటైరైన హెడ్మాస్టరు కొత్తపల్లి వైకుంఠంగారు చేరారు. చిట్‌ఫండ్ మేనేజరు చేరాడు. రోటరీ క్లబ్బు వాళ్లు నల్ల కళ్లద్దాలతో చేరారు. పొద్దున్నే రేంజి ముందు నలభైమంది వరసగా నిలబడి చెయ్యి చాపి ఆనపకాయలు ఎత్తుతుంటే, రోడ్డు మీద బస్సులు ఆగేవి. బజారులో ఆనపకాయ దొరకడం మానేసింది. పాపం, ఊళ్లో జనం దోసకాయలతో సరిపెట్టుకున్నారు.

డైరెక్టరుగారు వికసించారు. పేలని షూటింగుకి "అహింసాత్మక గురిక్రీడ" అని పేరు పెట్టి పై అధికారులకు నివేదిక పంపారు. పైనుంచి "ఇతర జిల్లాలకు ఆదర్శప్రాయము" అని వచ్చింది. దానికి పటం కట్టించారు.

నవంబరు చివర్లో జిల్లా ఎంపిక పోటీలు పెట్టాం. గుంటూరుకి ఒక్కరిని పంపాలి. ఆనపకాయ నుంచి గుండు రాదు కాబట్టి స్కోరు ఎలా అన్న ప్రశ్న వచ్చింది. డైరెక్టరుగారు కళ్లు మూసుకున్నారు.

"షూటరు కాయనెత్తి, గురిచూసి, మనసులో పేల్చి, గుండు ఎక్కడ తగిలినదో తానే ప్రకటించవలెను. క్రీడాకారుని మాటను శంకించుట క్రీడాస్ఫూర్తికి విరుద్ధము."

ఒక్కొక్కరికి అరవై గుళ్లు. పదికి పది చొప్పున ఆరువందలు. పోటీ మొదలైంది. "పది!" అన్నారు వైకుంఠంగారు. "పది!" అన్నాడు చిట్‌ఫండ్ మేనేజరు. పది, పది, పది అని రేంజంతా భజనలా మారుమోగింది. కాల్చేవాళ్లు నిలబడే గట్లలో చివరిదాని దగ్గరున్న హైమావతి కాయ ఎత్తింది. ఎనిమిది సెకన్లు నిలిపింది. దించింది.

"ఎనిమిదండీ," అంది.

నేను రాయబోయి ఆగిపోయాను. "ఏంటమ్మా?"

"చివర్లో మణికట్టు కుడికి కదిలిందండీ. ఎనిమిదే."

ఆమె పక్కనున్నాయన వంగి, "పది అనేయండమ్మా, ఎవరడుగుతారు?" అన్నాడు మర్యాదగా. ఆమె తల అడ్డంగా ఊపి మళ్లీ ఎత్తింది. "తొమ్మిదండీ." తర్వాత "ఏడండీ. ఊపిరి ముందే వదిలేశాను." అలా అరవై గుళ్లూ నిజం చెప్పుకుంటూ పోయింది. ఆ పూట ఆమె స్కోరు అయిదువందల ఇరవై మూడు. మిగిలిన ముప్పై తొమ్మిదిమందిదీ ఆరువందలకి ఆరువందలు.

ఆమె నలభయ్యో స్థానంలో, అంటే ఆఖరున నిలిచింది. దాలినాయుడు వెళ్లి వంగమొక్కలకి నీళ్లు పెట్టాడు. అంతకుముందే వాన పడింది. హైమావతి కాయను నా బల్ల మీద పెట్టి, "ఏదో అనుకున్నానండీ," అని చున్నీ కొసతో ముఖం తుడుచుకుంది. ముప్పై తొమ్మిది అబద్ధాలు వరసగా రాసిన చెయ్యి నాది.

అయితే గుంటూరుకి పంపాల్సింది ఒక్కరిని. మొదటి స్థానంలో ముప్పై తొమ్మిదిమంది ఉన్నారు. నియమం ప్రకారం సమానమైతే ఒక్కొక్క గుండు అదనంగా పేల్చి తేల్చుకోవాలి. మర్నాడు పేల్చారు. అందరివీ పదులే. ఆ మర్నాడూ పదులే. మూడోరోజు చిట్‌ఫండ్ మేనేజరుకి విసుగొచ్చి "పదిన్నర!" అన్నాడు. వైకుంఠంగారు ఊరుకుంటారా? "పదకొండు!" రోటరీవాళ్లు కలిసికట్టుగా "పదిహేను!" అన్నారు. ఇక వేలంపాటే. ఇరవై, ముప్పై, యాభై అని పెరిగి, మధ్యాహ్నానికి ఎవరో పెద్దమనిషి "నూటపదహార్లు!" అనేసరికి అలవాటు కొద్దీ అందరూ చప్పట్లు కొట్టారు. వైకుంఠంగారు కాయ విసిరేశారు. అది చిట్‌ఫండ్ మేనేజరు భుజానికి తగిలింది. కాయ ఆయుధమేనన్న అనుమానం అప్పుడే అందరికీ ఒకేసారి కలిగి, చేతిలో ఉన్నవి వాడుకున్నారు. రేంజంతా గుజ్జు. దాలినాయుడు దూరంగా నిలబడి, "మొదటిసారి ఈ రేంజిలో కాల్పులు సూత్తన్నాను," అన్నాడు.

సాయంత్రానికి పేరు పంపాల్సిన గడువు. నేను ఫైలు తీసుకుని వెళ్లాను. చొక్కా మీద గింజలు దులుపుకుంటున్న డైరెక్టరుగారికి చెప్పాను.

"సార్, మొదటి ముప్పై తొమ్మిది స్థానాలూ వివాదంలో ఉన్నాయి. వివాదం లేని స్థానం ఒక్కటే ఉంది. నలభై."

ఆయన కళ్లు మూసుకున్నారు. ఈసారి ఎక్కువసేపు పట్టింది. "తేలిన స్థానము గల ఏకైక క్రీడాకారిణి గనుక," అని సంతకం పెట్టారు.

డిసెంబరు రెండోవారంలో హైమావతి, దాలినాయుడు, డైరెక్టరుగారు, నేను పొద్దుటి రైలెక్కాం. ఎర్ర ముఖమల్ వేసిన పెట్టెలో లక్కముద్రతో ఆనపకాయ. సూరాయమ్మ స్టేషనుకొచ్చి, "లేతది పెట్టానమ్మా, జాగ్రత్త, నొక్కకు," అని చెప్పింది.

గుంటూరు రేంజిలో ఆయుధాల తనిఖీ బల్ల ఉంది. అక్కడ ఒక నిర్ణేత, కళ్లద్దాలావిడ, ప్రతి పిస్టలునీ తూచి, కొలిచి, చీటీ అంటిస్తోంది. మా వంతు రాగానే డైరెక్టరుగారు పెట్టె తెరిచారు. ఆవిడ పెట్టెలోకి చూసింది. మా ముఖాలు చూసింది. మళ్లీ పెట్టెలోకి చూసింది.

"ఇదేంటండీ?"

"తత్సమాన వస్తువు," అన్నారు డైరెక్టరుగారు, ఉత్తర్వు నకలు అందిస్తూ.

ఆవిడ కూడా నియమాల మనిషే. నవ్వలేదు. కాయను తక్కెడలో పెట్టింది. "బరువు పదిహేనువందలు దాటకూడదు. తొమ్మిదివందల అరవై ఎనిమిది. సరే." కొలతల పెట్టెలో పెట్టి చూసింది. పొట్ట దగ్గర పట్టలేదు. "ట్రిగ్గర్ కనీసం అయిదువందల గ్రాముల బరువుకి తట్టుకోవాలి. ట్రిగ్గర్ ఎక్కడుంది?"

"లేదు. లేనిది తట్టుకొనలేదని ఎట్లు చెప్పగలరు?"

"ఇది పేలుతుందా?"

"పేలదు మేడమ్," అన్నాడు దాలినాయుడు. "ఉడుకుద్ది."

ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. "అమ్మాయి పేరు జాబితాలో ఉంది. వయసు సరిపోయింది. పోటీ పదకొండున్నరకి. పావుగంట ముందు పిస్టల్‌తో రండి. నేనింతకంటే ఏం చేయలేను." అప్పటికి తొమ్మిదిన్నరైంది.

డైరెక్టరుగారు అప్పీలు రాయడానికి తెల్లకాగితం కోసం వెతుకుతుండగా దాలినాయుడు హైమావతి భుజం తట్టాడు. హాలు పక్కన వరండాలో కడప నుంచి వచ్చిన ఒక క్లబ్బు వాళ్లు బల్ల మీద పాత పిస్టళ్లు పరిచారు. పిస్టల్ లేని కొత్తవాళ్లకి పోటీపూటకి ఇస్తారు. బల్ల వెనక ఖాదర్‌బాషా అనే పెద్దాయన, గడ్డం మొత్తం తెల్లబడినవాడు, గుడ్డతో ఒకదాన్ని తుడుస్తున్నాడు.

"ఏది కావల్ల తల్లీ?" అన్నాడు.

హైమావతి చేతులు వెనక్కి పెట్టుకుంది. మూడు నెలల అలవాటు. "తాకొచ్చాండీ?"

ఆయనకి అర్థం కాలేదు. "తాకకపోతే ఎట్ల తెలుస్తాది?"

ఆమె కుడిచెయ్యి ప్యాంటుకి తుడుచుకుంది. మొదట తళతళలాడేదాన్ని తీసుకుంది. అందంగా ఉంది. కళ్లు మూసుకుని ఎత్తింది, తెరిచింది. తల అడ్డంగా ఊపింది. "ఎడమకి పోయిందండీ." రెండోది పిడి పెద్దది. వేలు ట్రిగ్గర్ దాకా అందీ అందనట్టుంది. మూడోది అన్నింటికంటే పేరున్నదని ఖాదర్‌బాషాయే చెప్పాడు. ముందుభాగం బరువు, కొస కిందికి లాగుతోంది. నాలుగోది పాతది. గొట్టం మీద గీతలు. పిడి చెక్క ఎవరి చేతి చెమటకో నల్లబడింది.

"దానికి రూపం లేదు గానీ తల్లీ, గుణం మంచిది. మా కాడ పద్నాలుగేండ్ల నుంచి ఉండాది."

ఆమె పట్టుకుంది. అరచెయ్యి పిడిలోకి వెళ్లిన తీరు చూసి దాలినాయుడు ఒక అడుగు ముందుకేశాడు. కళ్లు మూసింది. ఎత్తింది. వరండా అవతల ఎవరో అరుస్తున్నారు, టీ అమ్ముతున్నారు. ఆమె చెయ్యి గాలిలో ఆగింది. కళ్లు తెరిచింది.

చెయ్యి దించకుండానే దాలినాయుడితో చిన్నగా, "బాబాయ్, కూచుందండీ," అంది.

సరిగ్గా అప్పుడే డైరెక్టరుగారు పరుగున వచ్చారు. "ఏడు (సి)! తాకరాదు! మంజూరు కాలేదు! ఏడు (సి)!"

"తాకేశానండీ," అంది హైమావతి. ఆమె ముఖం చూసి ఆయన తర్వాతి మాట మింగేశారు.

పిస్టల్‌ని తనిఖీ బల్ల దగ్గరికి తీసుకెళ్లాం. చీటీ పడింది. పదకొండుంబావుకి ఆమె గట్టు దగ్గర నిలబడింది. జీవితంలో మొదటిసారి పోటీ పిస్టల్‌లో గుండు పెట్టింది. లెక్కలోకి రాని పరీక్షగుళ్లలో మొదటిది నాలుగులో పడింది. రెండోది మూడులో. నేను కళ్లు మూసుకున్నాను. వెనక నిలబడ్డ దాలినాయుడు వేళ్లు చూపించి సైగ చేశాడు. ఆమె పిస్టల్ మీద గురి సరిచేసే మర రెండు చుట్లు తిప్పింది. తర్వాతిది ఎనిమిది.

ఆ తర్వాత గంటంబావు పోటీ నడిచింది. గుండు తగిలిన చోటు చూపించే తెరమీద ఆమె అంకెలు ఒక్కొక్కటే వచ్చాయి. ఎనిమిది, తొమ్మిది, ఏడు. అవి ఎవరూ ప్రకటించినవి కావు. ఆ తెర ఎవరి మాటా వినదు. ముప్పై రెండో గుండు దగ్గర ఆమె మొదటి పది కొట్టింది. దించి, వెనక్కి తిరిగి మావైపు చూసింది. ఇంత పెద్ద మనిషి, చంటిపిల్లలా నవ్వింది. డైరెక్టరుగారు చప్పట్లు కొట్టబోయి, నిశ్శబ్దం పాటించమన్న బోర్డు చూసి రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నారు.

ఆఖరి గుండు పడ్డాక స్కోరు అయిదువందల ఒకటి. కొత్తవాళ్ల విభాగంలో యాభై రెండుమందిలో ఆమె పంతొమ్మిదో స్థానం. పతకం లేదు, ఫొటో లేదు. ఆమె మాత్రం ఇంటికి ఫోను చేసి, "అత్తయ్యా, పంతొమ్మిదోది! నిజం పంతొమ్మిదోది!" అని అరిచింది. అవతల నుంచి సూరాయమ్మ గొంతు మా అందరికీ వినిపించింది. "కాయ నలగలేదు కదా?"

హైమావతి ఖాదర్‌బాషాకి పిస్టల్ తిరిగివ్వబోయింది. ఆయన తీసుకోలేదు. "నీ చేతికి కుదిరినాక మళ్లా నా పెట్టెలో ఎందుకు? వచ్చే పోటీలదాకా నీ కాడే ఉండనీ. కొట్టు, ఇంకా కొట్టు."

మధ్యాహ్నం రేంజి ఖాళీ అయింది. మేము సామాన్లు సర్దుకుంటున్నాం. డైరెక్టరుగారు ఒక పక్కగా నిలబడి ఆ గీతలు పడిన పిస్టల్ వైపే చూస్తున్నారు. నాలుగేళ్లుగా డైరెక్టరు, ఒక్క పిస్టలూ తాకి ఎరగరు. దగ్గరకొచ్చారు. గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, ఒకసారి... పరిశీలన నిమిత్తము..."

హైమావతి నవ్వకుండా ఆయన చేతిలో పెట్టింది. దాలినాయుడు వెనక నిలబడి భుజం సరిచేశాడు. పురాణం చిదంబరరావుగారు కళ్లు మూసుకున్నారు. ఏ ఉత్తర్వూ పుట్టలేదు. కళ్లు తెరిచి చూసి, దిగులుగా అన్నారు.

"నాకు సరిగ్గా కూర్చోలేదమ్మా. కుడికి పోయింది."

"మీ చేతికి వేరేది ఉంటుందండీ. వెతుక్కోవాలి," అంది హైమావతి. "ఉన్నదాంతో ఒకటి కాల్చి చూడండి."

ఖాదర్‌బాషా తలూపి తెర వెలిగించాడు. డైరెక్టరుగారు కోటు విప్పి నాకిచ్చారు. చెయ్యి ఎత్తారు. గొట్టం కొస గాలిపటంలా ఊగింది. ఊపిరి ఆపారు. టప్ మని చిన్న చప్పుడు.

తెరమీద నల్లగుండ్రానికి బాగా ఇవతల, దాదాపు అంచులో, ఒక చుక్క వెలిగింది. పక్కన అంకె: రెండు.

ఆయన ఆ అంకె చూసి పిస్టల్ గట్టు మీద పెట్టారు. తర్వాత నావైపు తిరిగారు. అన్నేళ్లలో ఆయన నాతో మామూలు తెలుగులో మాట్లాడటం అదే మొదటిసారి.

"లింగమూర్తీ, రెండంటే... తగిలినట్టేనా?"

"తగిలినట్టేనండీ."

"తగిలింది!" అన్నారాయన, హాలంతా మారుమోగేలా. జేబులోంచి ఫోను తీసి ఇంటికి చేశారు. "ఏమేవ్, రెండు! కాదే, రెండు కిలోలు కాదు. కొట్టాను! నేనే! రెండు!" అని చెబుతూ, చెబుతూనే ఎడమచేత్తో ఇంకో గుండు కోసం ఖాదర్‌బాషా ముందు చెయ్యి చాపారు. ఆయన వెనక వరసలో దాలినాయుడు నిలబడ్డాడు. కోటు కుర్చీ మీద పడేసి, దాలినాయుడి వెనక నేను నిలబడ్డాను.